చీమ దాకా పో, బిడ్డా

హన్మకొండ

చిరంజీవి బిడ్డకు,

నీ కథ అందింది. చెట్టు కన్నీళ్లు పెట్టుకుని నన్ను నరకొద్దని బతిమాలే చోట నువ్వు ఎంత మనసు పెట్టి రాశావో తెలుస్తోంది. మా మనవడికి చదివి వినిపించాను. "ఏం చెట్టు నానమ్మా?" అన్నాడు. వెతికాను, నువ్వు రాయలేదు. చెట్టు నీతులు మొదలుపెట్టగానే వాడు లేచి ఆడుకోవడానికి పోయాడు.

ఏడు చేపల కథ గుర్తు చేసుకో. ఎండని చేప గడ్డిమోపును చూపిస్తుంది, గడ్డిమోపు ఆవును, ఆవు గొల్లవాణ్ని. అవ్వనూ ఏడ్చే పిల్లవాణ్నీ దాటుకుని చివరికి చీమ దగ్గర తేలుతాం. నా పుట్టలో వేలు పెడితే కుట్టనా అంటుంది చీమ. ఎక్కడి చేప, ఎక్కడి చీమ! ఎవరూ పాఠం చెప్పకుండానే నాలుగేళ్ల పిల్లకు ఆ సంబంధం తెలిసిపోతుంది. పర్యావరణం మీద ఇంతకంటే మంచి పిల్లల కథ నేను వినలేదు.

మన చెరువులదీ అదే కథ. కాకతీయుల కాలం నుంచి ఇక్కడ గొలుసుకట్టు చెరువులే. పై చెరువు నిండి మత్తడి, అదే అలుగు, దూకితే ఆ నీళ్లు కాలువలో పోయి కింది చెరువులో పడతాయి. మధ్యలో కాలువ పూడ్చేస్తే కింది చెరువు ఎండుతుంది, నీళ్లేమో ఇళ్లల్లోకి వస్తాయి. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో వరంగల్, హన్మకొండ కాలనీలు మునగడం నువ్వూ చూశావు.

2023లో మా ఇంట్లో మోకాళ్ల లోతు నీళ్లు. మంచం మీద కూర్చుని మనవడు మొదలుపెట్టాడు. నీళ్లు మనింట్లోకి ఎందుకొచ్చినయ్? నాలా కాలువ పోనియ్యలేదు. నాలా ఎందుకు పోనియ్యలేదు? ఇరుకైంది. ఎందుకైంది? ఇళ్లు కట్టారు. ఎవరు కట్టారు?

వాడి తాత నా వైపు చూశారు. మేం ప్లాటు కొన్నప్పుడు వెనకంతా జమ్ము ఉండేది, రాత్రుళ్లు కప్పల అరుపుకు నిద్రపట్టేది కాదు. చవకగా వస్తోందని కొన్నాం. "మనమే" అన్నాను. ఆ ఒక్క మాటకు గొంతు పెగల్లేదు. వాడు కోప్పడలేదు. "మరి కప్పలు ఎటు పోయినయ్?" అన్నాడు.

కథ అక్కడుంది బిడ్డా. చదివి వినిపించే అమ్మానాన్నలు కూడా ఒకచోట తడబడాలి. జవాబు కోసం పిల్లల్ని తీసుకుని సాయంత్రం చెరువు కట్ట మీదికి పోవాలి. వాళ్ల ఊళ్లో తూము ఎక్కడుందో, మత్తడి నీళ్లు ఎటు పోతాయో వాళ్లే చూసుకుంటారు.

ఇంకో మాట. నీ కథలో బతుకమ్మను "రకరకాల పూలతో" పేర్చారు. తంగేడు అను, గునుగు అను. గునుగు చేలల్లో కలుపుగా మొలిచేది, కలుపు మందు కొట్టిన చేలో కనపడదు. పండగ పూట గునుగు కోసం చేలకు పోయి ఉత్త చేతులతో వచ్చిన పిల్లతో మొదలుపెట్టి చూడు. అక్కడి నుంచి చీమ దాకా నువ్వే పోతావు.

తిరగరాసి పంపు. చెట్టును తీసేయకు, మాట్లాడనియ్యి కూడా. అది ఏం చెట్టో మాత్రం రాయి. మనవడు మళ్లీ అడుగుతాడు.

ఆశీస్సులతో,
మీ టీచరమ్మ