ఉద్యోగం రాకముందే వచ్చిందని సాక్ష్యం చెప్పేశారు

ప్రశ్న: మాది ఒంగోలు. పన్నెండేళ్లుగా బెంగళూరు కేఆర్ పురంలో ఉంటున్నాం. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, జీతం 34 వేలు. మావారికి 42 ఏళ్లు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉండేవారు, ఐదు నెలల కిందట ఉద్యోగం పోయింది. మొదట్లో బాగానే వెతికారు. తర్వాత బైబిల్లోని మార్కు సువార్త 11:24 మీద ఏవో వీడియోలు వినడం మొదలైంది. మనిషి ఊహే దేవుడట, వచ్చేసిందని ఊహిస్తే వచ్చేస్తుందట. రోజూ రాత్రి ఆఫర్ లెటర్ చేతిలో ఉన్నట్టు ఊహించుకుంటూ నిద్రపోతారు. అప్లై చేయడం అవిశ్వాసం అంటారు. పోయిన నెల చర్చిలో ఉద్యోగం వచ్చిందని సాక్ష్యం కూడా చెప్పేశారు. కారుకు 50 వేలు అడ్వాన్సు ఇచ్చారు. ఇంటి లోను ఈఎంఐ 38 వేలు, రెండు నెలలుగా కట్టలేదు. గట్టిగా అడిగితే ‘నీ అవిశ్వాసమే నాకు అడ్డం’ అంటున్నారు. నిజంగా నావల్లే ఆగిందా?

జవాబు: కాదు. మీవల్ల ఆగలేదు. ఆయన నమ్ముతున్న బోధ ప్రకారం చూసినా ఆ మాట నిలవదు.

ఈ బోధ ఎక్కువగా నెవిల్ గొడ్డార్డ్ నుంచి వచ్చింది. ఆయన 1905లో బార్బడోస్‌లో పుట్టి, అమెరికాలో ఉపన్యాసాలిచ్చి, 1972లో చనిపోయారు. బైబిల్‌ను చరిత్రగా కాక మనిషి మనసులో జరిగే నాటకంగా చదివారు. కోరిక తీరాక జరిగే ఒక చిన్న సన్నివేశాన్ని ఎంచుకోవాలి, నిద్ర ముంచుకొచ్చే వేళ దాన్ని లోపలినుంచి అనుభవించాలి, నిజమనిపించేదాకా తిప్పి తిప్పి చూడాలి. ఇదీ పద్ధతి. ఈ బోధలో కారణమంటూ ఉంటే అది ఊహించేవాడి మనసే. ఎదుటివాళ్లు ఆ మనసుకు అద్దాలు మాత్రమే. అలాంటప్పుడు భార్య అనుమానం ఆయన ఉద్యోగాన్ని ఎలా ఆపుతుంది? ఇది మీరు ఆయనతో వాదించి గెలవడానికి చెప్పడం లేదు. మీ గుండెల మీద పెట్టిన ఆ బరువును దించుకోవడానికి చెబుతున్నాను.

ఇక వాక్యం దగ్గరికి వద్దాం. ‘ప్రార్థన చేయునప్పుడు మీరు అడుగుచున్న వాటినెల్లను పొందియున్నామని నమ్ముడి, అప్పుడు అవి మీకు కలుగునని మీతో చెప్పుచున్నాను.’ మీవారు పట్టుకున్న మాట ‘పొందియున్నామని’. అది తప్పు పట్టు కాదు. పాత గ్రీకు ప్రతుల్లో అక్కడున్నది ‘ఎలాబెతె’, జరిగిపోయిన పనిని చెప్పే క్రియ. మన అనువాదం దాన్ని బాగానే అందుకుంది. అయితే క్రియ ‘నమ్ముడి’, ‘ఊహించుకొనుడి’ కాదు. ఈ తేడా మాటల గారడీ కాదు, మీ ఇంట్లో జరుగుతున్నదంతా ఈ రెంటినీ కలిపేయడం వల్లే.

గాబ్రియేలె ఓటింగెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరి 2002లో ప్రచురించిన పరిశోధనలో చదువు ముగిస్తున్న విద్యార్థులను రెండేళ్లపాటు గమనించారు. మంచి ఉద్యోగం వచ్చినట్టు తరచూ హాయిగా ఊహించుకున్నవాళ్లు తక్కువ దరఖాస్తులు పంపారు, వాళ్లకు తక్కువ ఆఫర్లు, తక్కువ జీతాలు వచ్చాయి. తమకు ఉద్యోగం దొరుకుతుందన్న నమ్మకం గట్టిగా ఉన్నవాళ్ల సంగతి దీనికి తలకిందులు, వాళ్లు ముందుకెళ్లారు. నమ్మకం మనిషిని లేపి కూర్చోబెట్టింది, తీపి ఊహ జోకొట్టింది. తర్వాతి ప్రయోగాల్లో, అలాంటి ఊహల తర్వాత రక్తపోటులో పై అంకె తగ్గడం కూడా చూశారు. అంటే పని అయిపోయిందనుకుని ఒళ్లు సడలిపోతోంది. రాత్రి నిద్ర పట్టడానికి అది మందే, పొద్దున్న దరఖాస్తు పెట్టడానికి కాదు.

కాబట్టి ఊహను మానేయమని ఆయనతో అనకండి. ఐదు నెలలుగా ఆయన పరువు ఆ ఒక్క కొక్కేనికే వేలాడుతోంది. ఊహలో ఉన్న సన్నివేశాన్ని మార్చమనండి. పది నిమిషాలు చాలు. మొదటి రెండు నిమిషాలు ఆయన ఇష్టం: ఆఫర్ లెటర్, మీ ముఖంలో సంతోషం. తర్వాత మూడు నిమిషాలు, దానికి అడ్డుగా ఉన్న ఒక్క విషయం. ‘మార్కెట్ బాగాలేదు’ అన్నది ఇక్కడ పనికిరాదు, అది బయటిది. ఆయన లోపలిది కావాలి: ‘గ్యాప్ ఎందుకొచ్చిందని అడిగితే నోరు పెగలదు’, ‘ఆటోమేషన్ టూల్స్ నేర్చుకోలేదు’ లాంటిది. మిగతా ఐదు నిమిషాలు ‘ఇలా అయితే అలా చేస్తాను’ అని ఒక వాక్యం కాగితం మీద రాయాలి. ‘పొద్దున్న తొమ్మిదింటికి కాఫీ కప్పు కింద పెట్టగానే లాప్‌టాప్ తెరిచి రెండు దరఖాస్తులు పంపుతాను.’ సమయం, చోటు, సంఖ్య మూడూ ఉండాలి. ‘ఎక్కువగా ప్రయత్నిస్తాను’ అని రాస్తే ఏమీ రాయనట్టే. ఇదంతా పగటిపూట చేయాలి. పడుకునే ముందు చేస్తే అడ్డంకి దగ్గరే ఆగిపోయి నిద్ర పాడవుతుంది.

అప్లై చేయడం అవిశ్వాసం అన్నప్పుడు బైబిల్లోని యాకోబు పత్రిక రెండో అధ్యాయం గుర్తుకు రావడం సహజం. ‘క్రియలు లేని విశ్వాసం మృతం’ అని మీరు విసిరితే ఆయన మరో వాక్యం విసురుతారు, మీ వంటగది వాక్యాల కుస్తీ గోదా అవుతుంది. ఆ మాట పాస్టరుగారి నోట రానివ్వండి. మీరు చదివించదగ్గది ఒక్కటే ఉంది, ఆయన పట్టుకున్న మార్కు 11లోనే 24 తర్వాతి వచనం: ప్రార్థనకు నిలబడినప్పుడు ఎవరిమీదైనా విరోధముంటే క్షమించమంటుంది. వీడియోలు చాలావరకు 24తోనే ఆగిపోతాయి. తనను తీసేసిన మేనేజరు మీద ఆయనకు మిగిలిన కోపం, దాన్ని మీ మీదికి మళ్లించిన తీరు, ఇవన్నీ అక్కడ బయటికి రావచ్చు. ఎవరినీ తప్పు పట్టకుండా, ‘ఇది కూడా కలిపి చదువుదామా’ అని అడిగితే చాలు.

డబ్బు మాత్రం ఊహ కోసం ఆగదు. ఇంటి లోను బకాయి 90 రోజులు దాటితే బ్యాంకు ఆ ఖాతాను ఎన్‌పీఏ, అంటే మొండి బకాయి చేస్తుంది. ఆపైన, కోర్టుకు వెళ్లకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకునే వీలిచ్చే సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల గడువుతో నోటీసు ఇవ్వచ్చు. మీకు రెండు కంతులు పోయాయి, మూడోది దగ్గరపడింది. మొత్తం కట్టలేకపోయినా ఒక్క కంతు కట్టండి. సాధారణంగా అది అన్నిటికన్నా పాత బకాయికి జమ అవుతుంది, రోజుల లెక్క వెనక్కి జరుగుతుంది. ఈ వారమే బ్రాంచికి వెళ్లి, ఉద్యోగం పోయిన కాగితం చూపించి, గడువు పెంచి కంతు తగ్గించమని రాతపూర్వకంగా అడగండి. ఎన్‌పీఏ కాకముందు అడిగితే వినే మేనేజరే ఎన్‌పీఏ అయ్యాక వినడు. లోనులో మీరు సహ రుణగ్రహీత అయితే మీ సిబిల్ స్కోరూ పడుతుంది. కారు అడ్వాన్సు వెనక్కి అడగడానికి బండికి బిల్లు వేయకముందే షోరూంకు ఈమెయిల్ పెట్టండి. ఫోనులో చెప్పిన మాట లెక్కలోకి రాదు. కొత్త లోను కాగితం దేనిమీదా సంతకం చేయకండి, ‘విశ్వాసంతో’ చేయమన్నా సరే.

ఇంకో సంగతి, ఇది మీరు రాయలేదు గానీ నేను అడగాలి. ఆయన మూడు నాలుగు గంటలే నిద్రపోయి కూడా అలసట లేకుండా ఉంటున్నారా? మాట వేగం పెరిగిందా? కారు తర్వాత ఇంకా ఖర్చులున్నాయా? తనకేదో ప్రత్యేకమైన పిలుపు వచ్చిందంటున్నారా? ఇవి వారం రోజులపాటు ఉంటే అది విశ్వాసం ప్రశ్న కాదు, మానసిక వైద్యుడు చూడాల్సిన ప్రశ్న. రోజంతా మంచం దిగకపోయినా, చావు మాట ఎత్తినా అంతే, అప్పుడు వారం కూడా ఆగకండి. హోసూరు రోడ్డులో నిమ్‌హాన్స్ మానసిక వైద్యశాల ఉంది. ముందు మీరొక్కరే మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక సహాయ లైను టెలి మానస్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.

చర్చిలో చెప్పిన సాక్ష్యం గురించి. ఆయనకు రాత్రుళ్లు ఎక్కువగా గుచ్చేది అదేనని నా అనుమానం. ఉద్యోగం ఎక్కడ, ఎప్పుడు చేరతావని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. అందుకే ఆయన వెనక్కి తగ్గలేకపోతున్నారు. మీరు ఆ విషయం నలుగురిలో సరిదిద్దకండి, అత్తగారికీ చెప్పకండి. ఆయన్ని పాస్టరుగారి దగ్గరికి ఒంటరిగా పంపి, ‘ఇంకా రాలేదు, ప్రార్థించండి’ అనే మూడు ముక్కలు చెప్పి రమ్మనండి. కావాలంటే మీరు బయట బండి దగ్గర నిలబడండి.