మీరు అడిగారు: అద్దాల బిల్డింగు కడితే కంపెనీలొస్తాయా?

ప్రశ్న: మా ఏలూరులో కూడా హైటెక్ సిటీ లాంటి టవరు ఒకటి కట్టి, స్థలం ఫ్రీగా ఇచ్చి, ట్యాక్సులు మాఫీ చేస్తే కంపెనీలు రావాండీ? మా పిల్లలు హైదరాబాద్, బెంగళూరు పోయే బాధ తప్పుతుంది కదా.
- ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: వస్తాయేమో గానీ ఉంటాయా అన్నదే డౌటండీ. హైదరాబాద్ హైటెక్ సిటీలోని సైబర్ టవర్స్ ఫొటో చూసి అందరూ బిల్డింగు గురించే మాట్లాడతారు, 1998లో వాజ్‌పేయి గారు ప్రారంభించారు, నిజమే, కానీ అంతకు ముప్పై ఏళ్ళ ముందు నుంచే ఆ ఊళ్ళో ఏం జరుగుతోందో ఎవరూ చెప్పరు. బీహెచ్‌ఈఎల్, ఈసీఐఎల్ లాంటి ప్రభుత్వ కంపెనీలు, డిఫెన్స్ ల్యాబులు, బాలానగర్‌లో రష్యా వాళ్ళ సాయంతో పెట్టిన ఐడీపీఎల్ మందుల ఫ్యాక్టరీ, ఇవన్నీ ఏళ్ళ తరబడి ఇంజనీర్లనీ కెమిస్టులనీ తయారుచేశాయి. ఆ ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి గారే 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు, అక్కడ పని నేర్చుకుని బయటికొచ్చి సొంతంగా మందుల కంపెనీలు పెట్టినవాళ్ళు ఇంకా బోలెడుమంది. ఐడీపీఎల్ తర్వాత మూతపడిపోయింది, కానీ మనుషులకొచ్చిన పని ఎక్కడికి పోతుంది? హైదరాబాద్ పక్కన బయోటెక్ కంపెనీల కోసం పెట్టిన జీనోమ్ వ్యాలీ 1999లో మొదలయ్యేసరికే శాంతా బయోటెక్ వాళ్ళ హెపటైటిస్-బి టీకా మార్కెట్లో ఉంది. అంటే పని తెలిసినవాళ్ళు ముందు, బోర్డు తర్వాత.

ఇక ట్యాక్స్ మాఫీ అంటారా, అది పక్క రాష్ట్రం కూడా ఇస్తుంది, మీకన్నా రెండేళ్ళు ఎక్కువే ఇస్తుంది. కంపెనీవాడు అంతకన్నా భయపడేది పర్మిషన్లకి. తెలంగాణ 2014లో టీఎస్-ఐపాస్ చట్టం తెచ్చింది, మీరే సొంతంగా డిక్లరేషన్ ఇస్తే పెద్ద ప్రాజెక్టులకి 15 రోజుల్లో, మిగతావాటికి 30 రోజుల్లో అనుమతులు తేల్చాలని. ఎన్ని రోజుల్లో తేలుతుందో ముందే తెలిస్తే బ్యాంకు వడ్డీ లెక్క వేసుకోవచ్చు కదండీ, అదీ సంగతి. మా బాబాయి కొడుకు చిన్న షెడ్డుకి కరెంటు లైను కోసం ఏడు నెలలు తిరిగాడు (ఏ ఊరో చెప్పనులెండి), ఆ ఏడు నెలలూ అద్దె కడుతూనే ఉన్నాడు, వాడికి ఏ మాఫీ ఇస్తే ఆ డబ్బు తిరిగొస్తుంది?

నా మాట వింటే టవరు సంగతి పక్కన పెట్టండి. మీ చుట్టూ చేపల చెరువులు, రొయ్యల చెరువులు. ఐస్, మేత, ప్యాకింగ్, ఏరేటర్ల రిపేరు, నీళ్ళ టెస్టింగ్, అన్నిటికీ మనుషులు కావాలి. ఒక మంచి ల్యాబు, దాని పక్కనే ఐటీఐలో ఈ పనికే ఒక కోర్సు పెట్టించమని మీ ఎమ్మెల్యే గారిని అడగండి. రిబ్బన్ కటింగ్ ఫొటోకి అంత బాగుండదు, అందుకే ఎవరూ అడగరు.

ప్రశ్న: సార్, మాది హిందూపురం, లేత్ షాపు. పక్కనే పెనుకొండలో కియా వచ్చింది, నాకు ఏమైనా ఒరిగిందా అంటే ఏమీ లేదు. ఎందుకని?
- ఒక పాఠకుడు

జవాబు: మీ కోపం న్యాయమైనదే. 2017లో ఒప్పందం, 2019కల్లా సెల్టోస్ కారు బయటికొచ్చేసింది, ఏడాదికి 3 లక్షల కార్లు చేసే ఫ్యాక్టరీ. బెంగళూరు హైవే, గొల్లపల్లి రిజర్వాయరు నుంచి నీళ్ళు, అన్నీ అమర్చిపెట్టారు. కానీ మొబిస్ లాంటి కొరియా సప్లయర్లు కూడా వెంటే వచ్చి పక్కనే దిగారు. కార్ల కంపెనీ ఎక్కడికెళ్ళినా తన పాత సప్లయర్లని తీసుకునే వెళ్తుంది, అందుకని కియా గేటు దగ్గర నిలబడి లాభం లేదు. ఆ సప్లయర్లకి జిగ్గులు, ఫిక్చర్లు (పని చేసేటప్పుడు పీసుని కదలకుండా పట్టేవి), ట్రాలీలు, అర్జెంటు రిపేర్లు ఎప్పుడూ ఉంటాయి, అడగాల్సింది వాళ్ళని. రేటు తక్కువని చెప్పకండి, కొలత తేడా రాదని శాంపిల్ పీసు చేసి చూపించండి.

ఇంకోటి, బాకీల గురించి. చిన్న యూనిట్‌కి రాతపూర్వక ఒప్పందం ఉంటే 45 రోజుల్లోపు, లేకపోతే 15 రోజుల్లోపు సరుకు కొన్నవాళ్ళు డబ్బు కట్టాలని చిన్న పరిశ్రమల కోసం 2006లో తెచ్చిన కేంద్ర చట్టం ఉంది. కానీ అది వర్తించాలంటే మీకు ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న యూనిట్లకి కేంద్రం ఇచ్చేది) ఉండాలి. ఆన్‌లైన్‌లో పూర్తిగా ఫ్రీ, రెండు వేలిస్తే చేసిపెడతా అనేవాడి దగ్గరికి మాత్రం పోవద్దు.