‘నాని’ అన్న మాట గురించి ఒక ఉత్తరం

చిరంజీవికి ఆశీస్సులు.

‘నాని’ మీద నువ్వు రాసిన చిత్తుప్రతి రెండుసార్లు చదివాను. మాటను భలే పట్టావు. మన ఇళ్లలో నాని అంటే ముద్దుల పిల్లాడు. హిందీ, ఉర్దూల్లో నానీ అంటే అమ్మమ్మ. జపనీస్‌లో ‘ఏమిటి’. హవాయి భాషలో ‘అందం’. తెలుగుకు మిగతా మూడింటిలో దేనితోనూ చుట్టరికం లేదు, వాటిలో వాటికీ లేదు. ఇంతవరకూ సరే. చివర్లో ‘ప్రపంచమంతా ఒకప్పుడు ఒకే భాష మాట్లాడేదనడానికి ఇదే సాక్ష్యం’ అన్నావే, ఆ వాక్యం మాత్రం కొట్టెయ్యి.

ఎందుకో లెక్క వేసి చూడు. ఒక భాషలో 15 హల్లులు, 5 అచ్చులు ఉన్నాయనుకో. వాటిని కలిపితే 75 అక్షరాలు. రెండక్షరాల మాటలు కట్టడానికి 75ను 75తో హెచ్చిస్తే 5,625 వీలున్నాయి. హవాయి భాషలో హల్లులు 8, దీర్ఘాలను పక్కన పెడితే అచ్చులు 5. అక్కడ ఇదే లెక్క 1,600 దగ్గర ఆగిపోతుంది. భాషకు కావలసిన మాటలేమో వేలు. పైగా న, మ, ప, క దాదాపు ప్రతి భాషలోనూ ఉండే ధ్వనులు. చిన్న మాటలు ఒకదాన్నొకటి గుద్దుకోక ఏం చేస్తాయి? ‘గుమ్మడికాయ’కు మరో ఖండంలో జోడీ వెతుకు, దొరకదు.

అర్థం కూడా కలిసినంత మాత్రాన నమ్మేయకు. ఆస్ట్రేలియాలో, క్వీన్స్‌లాండ్ ఉత్తరాన ఉన్న ఎంబాబరం భాషలో కుక్కను ‘డాగ్’ అనే అనేవారు. ఇప్పుడా భాష మాట్లాడేవాళ్లు లేరు. అది ఇంగ్లీషు నుంచి వచ్చింది కాదని భాషావేత్త డిక్సన్ తేల్చాడు. ఆ చుట్టుపక్కల భాషల్లో కనిపించే ‘గుడగ’ అనే పాత రూపంలో మొదటి అక్షరమూ చివరి అచ్చూ రాలిపోయి, మిగిలింది అలా తేలింది.

ఇంకో చిక్కు. నీ పట్టికలో నాని పక్కనే ‘శిక్ష’నూ ‘మామ’నూ చేర్చావు. ఆ మూడూ ఒక గూటి పక్షులు కావు. శిక్ష సంస్కృతం నుంచి తెలుగుకూ హిందీకీ వెళ్లిన ఒకే మాట. నేర్చుకోవడమనే మూలార్థం హిందీలో చదువుగా నిలిచింది, మన దగ్గర దండనగా మారింది. పాత అర్థం మన ‘శిక్షణ’లో ఇంకా బతికే ఉంది, చూడు. మనం ప్రసంగమనుకునే ‘ఉపన్యాసం’ హిందీలో నవల కావడం కూడా ఇలాంటిదే. మామ సంగతి వేరు. మ, న, ప, బ పసిపిల్లల నోట ముందుగా పలికే ధ్వనులు. వాటిని ఇంట్లో ఎవరికి అంటగడతారన్నది ఆ భాష వాళ్ల ఇష్టం. జార్జియన్ భాషలో ‘మామ’ అంటే నాన్న! ఇలాంటి మాట చేతికందినప్పుడు మొదట బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు తియ్యి. తమిళ, కన్నడ జ్ఞాతులు, అంటే ఒకే మూలం నుంచి పుట్టిన మాటలు, అందులో ఒకేచోట కనిపిస్తాయి. అక్కడ లేకపోతే సంస్కృతం, తర్వాత పారసీ, ఉర్దూ, పోర్చుగీసు. ఇవన్నీ చూశాకే ‘యాదృచ్ఛికం’ అని రాయి.

ఇక కథ. హైదరాబాద్ గల్లీలో తెలుగు తల్లి పిలుపు విని పక్కింటి ఉర్దూ పిల్ల తన అమ్మమ్మ కోసం చూసే ఘట్టం నీ రచనకు ప్రాణం. కానీ నువ్వు ఆ తల్లి చేత ‘నాని అన్నం తినలేదు’ అనిపించావు. అక్కడ చివరి ‘ని’ పొట్టిది, ఉర్దూ మాటలోని ‘నీ’ పొడుగుది. ఆ పిల్ల చెవికి అంతగా తగలదు. ‘నానీ, ఇటు రా!’ అని పిలిపించు. సంబోధనలో మన అచ్చు సాగి, సరిగ్గా ఉర్దూ మాట అయిపోతుంది. పిల్ల తల తిప్పుతుంది. అక్కడితో ఆపెయ్యి. కింద రాసిన నాలుగు పంక్తుల వివరణ అక్కర్లేదు, పాఠకుడికి రెండు భాషలూ వినిపిస్తూనే ఉన్నాయి.

జపాన్ దుకాణదారు వచ్చిన ఘట్టం మళ్లీ రాయాలి. జపనీస్ ‘నాని’లో మొదటి అచ్చు కూడా పొట్టిదే. మనం దీర్ఘం పెట్టి రాయడం మన లిపి అలవాటు. అంతకంటే పెద్ద తప్పు, అతను కొనడానికి వచ్చినవాళ్లను పట్టుకుని ‘నాని?’ అనడం. అది మన ‘ఏంటి?’ కన్నా మొరటుగా ఉంటుంది. మర్యాదగా అడిగితే ‘నన్ దెస్ క’ అంటాడు, అప్పుడు ‘ని’ పోయి ‘న్’ అవుతుంది, నీ చమత్కారమూ దాంతోపాటే పోతుంది. ఆ మాటను ఇద్దరు స్నేహితుల మధ్యకు మార్చు, నిలబడుతుంది.

హవాయి పేరాలో ‘నాని పువా’ అన్నావు. అక్కడ విశేషణం నామవాచకం తర్వాత వస్తుంది. అందమైన పువ్వు అంటే ‘పువా నాని’. దిద్ది పంపు, ఈసారి హైదరాబాద్ ఘట్టాన్ని మొదట్లో పెట్టి.

ఆశీస్సులతో.