గాలి సోకడం కాదు, మెదడు వాపు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా చెల్లెలి వయసు 22. వారం రోజులు జ్వరం, తలనొప్పి వచ్చి తగ్గిన తరువాత దానికి నిద్ర పూర్తిగా పోయింది. అన్నంలో ఏదో కలిపారంటూ కంచం తోసేసేది, చనిపోయిన నాయనమ్మతో మాట్లాడేది. గాలి సోకిందని ఇంట్లో తాయెత్తు కట్టించారు. ఒక వైద్యుడు మానసిక రోగమని ఇచ్చిన మాత్రలతో ఒళ్లు కొయ్యబారింది, తరువాత ఫిట్స్ వచ్చాయి. విశాఖపట్నంలో వెన్ను నీరు పరీక్షించి, ఇది మెదడు వాపేనని, ఎడమ అండాశయంలో గడ్డ కూడా ఉందని చెప్పారు. కడుపులోని గడ్డకూ మతికీ సంబంధమేమిటి? అది క్యాన్సరా? వైశాఖంలో దాని పెళ్లి నిశ్చయమై ఉంది.
- ఒక అక్క, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, మీరు రాసిన వరుసలోనే ఈ జబ్బు ఆనవాలు ఉంది. ముందు జ్వరం, కొద్ది రోజులకే మతి చలించడం, ఆపైన ఫిట్స్, బిగుసుకుపోవడం; కొందరిలో నోరు, పెదవులు వాటంతట అవే నములుతున్నట్టు కదులుతాయి. టెరటోమా అనే అండాశయపు గడ్డలో వెంట్రుకలు, పళ్లతోపాటు నాడీ కణజాలం కూడా ఉండవచ్చు. దానిని పరాయిదనుకుని శరీరం తయారు చేసుకున్న యాంటీబాడీలు (రక్షక పదార్థాలు) మెదడు కణాలపై సంకేతాలు అందుకునే ఎన్‌ఎండీఏ గ్రాహకాలకు అంటుకుని, వాటిని కణాల పైపొర నుంచి తొలగిస్తాయి. ఆలోచన, జ్ఞాపకం దెబ్బతినేది అందువల్లనే. ఈ జబ్బు పేరు యాంటీ ఎన్‌ఎండీఏ రిసెప్టర్ ఎన్‌సెఫలైటిస్. టెరటోమా ఉన్న 12 మంది స్త్రీలలో ఈ సంగతిని నాడీ వైద్యుడు జోసెప్ డాల్మావ్ బృందం 2007లో వెల్లడించింది. అంతకుముందు ఇటువంటి వారిలో ఎందరు పిచ్చివారన్న ముద్రతోనే మిగిలిపోయారో తలచుకుంటే నాకు బాధ కలుగుతుంది.

ఈ గడ్డలు చాలావరకు క్యాన్సర్ కావు; ఖచ్చితంగా తేల్చేది తీసిన ముక్క పరీక్షే. క్యాన్సర్ కాకపోయినా దానిని తీసివేయడం చికిత్సలో భాగమే కనుక ఆపరేషన్ వాయిదా వేయకండి. దానితోపాటు ఆ యాంటీబాడీల ప్రభావం తగ్గించడానికి స్టెరాయిడ్లు ఇస్తారు; ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇవ్వడమో, రక్తంలోని ద్రవమైన ప్లాస్మాను మార్చడమో చేస్తారు. ఒక అండాశయం తీసినా, రెండవది ఆరోగ్యంగా ఉంటే నెలసరి వస్తుంది, పిల్లలూ పుడతారు. ఈ జబ్బు ఉన్నవారికి కొన్ని మానసిక రోగ మందులు పడవు. ఒళ్లు కొయ్యబారిన సంగతి అక్కడి వైద్యులకు తప్పక చెప్పండి, మాత్రలు మాత్రం మీ అంతట మీరు మార్చవద్దు.

577 మంది రోగుల వివరాలతో 2013లో వెలువడిన అధ్యయనంలో, 24 నెలల వరకు గమనించిన వారిలో 81 శాతం మంది బాగా కోలుకున్నారు. అయితే అది నెలల తరబడి సాగే కోలుకోవడం. వైశాఖంలో పెళ్లి వద్దమ్మా. మగపెళ్లివారికి జబ్బు పేరు దాచకుండా చెప్పి గడువు అడగండి. జబ్బు కొందరిలో తిరగబెడుతుంది కాబట్టి, ఇంటికి వచ్చాక నిద్ర మళ్లీ తగ్గినా, అనుమానాలు మొదలైనా అదే ఆస్పత్రికి తీసుకువెళ్లండి. ఆ రోజులలో తాను అన్న మాటలు ఆమెకు గుర్తుండకపోవచ్చు. ఎవరూ వాటిని తిరిగి ఎత్తకుండా చూడండి.