ఆయిల్ డబ్బా నిండుగా ఉంది కదా అని...

పోయిన నెల పాత స్కూటర్ల గురించి రాశాను. ఈ నెల ఉత్తరాలు తెరిస్తే సగానికి పైగా ఏటీవీల మీదే, అంటే ఇసుకలో, తోటల్లో తిరిగే నాలుగు చక్రాల బండ్ల మీదే. మన విశాఖలో రుషికొండ, భీమిలి వైపు ఇసుకలో తిరిగే బండ్లు చూసి చూసి, మనకూ ఒకటి ఉంటే బాగుండునన్న సరదా ఊళ్లో ముదిరినట్టుంది. కంచరపాలెం షెడ్డులో ముప్ఫై ఏళ్లకు పైగా నేను విప్పింది ఆర్‌ఎక్స్ 100లు, చేతక్‌లే. ఏటీవీలు నా చేతికి రావడం ఈ మధ్యే మొదలైంది. చక్రాలు నాలుగైతే అయ్యాయి, లోపల కూర్చున్నది అదే టూ స్ట్రోక్ కాబట్టి ధైర్యం చేసి జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మెకానిక్ గారూ, మాకు ఆనందపురం దగ్గర జీడితోట ఉంది. తోటలో తిరగడానికని పాత యమహా బ్లాస్టర్ ఏటీవీ ఒకటి 70 వేలకు కొన్నాను. ఎవరో విదేశం నుంచి తెచ్చుకున్నదట. పొద్దున స్టార్ట్ చేయగానే గుప్పున పొగ. వేడెక్కాక యాక్సిలరేటర్ వదిలేసినా ఇంజిన్ గుయ్యిమంటూనే ఉంటోంది, దిగడానికి చాలాసేపు పడుతోంది. ఆయిల్ డబ్బా నిండుగానే ఉంది. ముందు ఏం చేయించాలి?
— ఒక రైతు, ఆనందపురం

జవాబు: ముందు కిక్కు కొట్టడం ఆపండి బాబూ. మిగతాది తర్వాత.

మీ బండి 195 సీసీ, గాలితో చల్లబడే సింగిల్ సిలిండర్. బయటి దేశాల్లో 1988 నుంచి 2006 దాకా అమ్మారు. అంటే ఎంత కొత్తదనుకున్నా దాని వయసు మీ తోటలో బాగా ముదిరిన చెట్టు వయసంత ఉంటుంది. ఇన్నేళ్లలో అది ఎన్ని చేతులు మారిందో, ఎవరు ఏం విప్పారో, ఏం తీసి పారేశారో అమ్మినాయనకు కూడా తెలిసి ఉండదు.

మీరు ‘ఆయిల్ డబ్బా నిండుగానే ఉంది’ అన్నారు చూడండి, నాకు టెన్షన్ పెట్టిన మాట అదే. ఈ బండికి ఆర్‌ఎక్స్ 100లో లాగే 2టీ ఆయిల్‌కు, అంటే టూ స్ట్రోక్ ఇంజిన్‌లో పెట్రోల్‌తోపాటు కాలే ఆయిల్‌కు, వేరే డబ్బా, వేరే పంపు ఉంటాయి. పంపు దానంతటదే ఆయిల్‌ను కొలిచి ఇంజిన్‌కు పంపుతుంది. అయితే చాలామంది పంపు మీద నమ్మకం లేక దాన్ని పీకేసి, ఆ చోట చిన్న రేకు బిగించి, పెట్రోల్‌లోనే 2టీ కలిపి నడుపుతారు. డబ్బా మాత్రం అలాగే ఉండిపోతుంది, అందులో ఆయిలూ ఉంటుంది. కొన్నవాడు డబ్బా నిండుగా ఉంది కదా అని ఉత్త పెట్రోల్ పోసి వెళ్లిపోతాడు. రెండు మూడు కిలోమీటర్లలో ఇంజిన్ పట్టేస్తుంది, అంటే ఆయిల్ లేక పిస్టన్ సిలిండర్‌లో బిగుసుకుపోతుంది.

ఇంజిన్ కుడివైపు వంగి చూడండి. డబ్బా నుంచి వచ్చిన సన్నటి గొట్టం పంపులోకి వెళ్లాలి. పంపు నుంచి ఇంకో గొట్టం కార్బొరేటర్ వైపు రావాలి, యాక్సిలరేటర్ వైరు ఒకటి పంపుకు తగులుకుని ఉండాలి. ఇవి ఉంటే పంపు ఉన్నట్టు. అది పనిచేస్తోందా అన్నది వేరే సంగతి. డబ్బాలో ఆయిల్ ఎంతవరకు ఉందో పెన్నుతో గీత పెట్టి, ఒక ట్యాంకు పెట్రోల్ అయ్యాక చూడండి. గీత దిగకపోతే పంపు చచ్చినట్టే. ఆ మొదటి ట్యాంకుకు మాత్రం, పంపు ఉన్నా సరే, లీటరుకు 20 మి.లీ. 2టీ పెట్రోల్‌లో కలిపి పోయండి. పొగ ఎక్కువొస్తుంది, రానివ్వండి. పొగతో ఇంజిన్ పోదు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. చాలా ఏళ్ల కిందట ఒక ఆర్‌ఎక్స్‌కు బోరు (పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గొట్టం) పని చేసి, కొత్త ఆయిల్ గొట్టం వేసి, గొట్టంలో గాలి తీయడం మరిచిపోయాను. పంపు పక్కన ఉండే చిన్న స్క్రూ వదులు చేసి బుడగలు పోయేదాకా ఆగాలి, రెండు నిమిషాల పని. ఆ కుర్రాడు కొత్త బోరు ఉత్సాహంలో సింహాచలం ఘాట్ ఎక్కాడు. సగం కొండ మీద పట్టేసింది. డబ్బా నిండుగానే ఉంది! ఆ రెండో బోరు ఖర్చు నా జేబులోంచే పోయింది.

ఇక ఐడ్లింగ్ పెరగడం. ముందు హ్యాండిల్‌ను ఆ చివరికీ ఈ చివరికీ తిప్పి చూడండి. తిప్పినప్పుడు ఇంజిన్ శబ్దం మారితే వైరు బిగుసుకుంది, తేలిగ్గా పోతుంది. మారకపోతే ఇంజిన్ ఎక్కడో దొంగగాలి పీలుస్తోంది. టూ స్ట్రోక్‌లో కింది క్రాంకు గది కూడా ఊపిరితిత్తి లాంటిదే. పెట్రోల్, గాలి, ఆయిల్ మూడూ అందులోంచే పైకి వెళ్తాయి. దానికి రెండు వైపులా ఉన్న రబ్బరు సీళ్లలో ఎడమది, అంటే కరెంటు పుట్టించే మాగ్నెట్ వైపుది, ఎండిపోతే బయటి గాలి లోపలికి దూరుతుంది. గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువైతే, పెట్రోల్‌లో కలిపి నడిపే బండికైతే దాంతోపాటు వచ్చే ఆయిలూ తక్కువవుతుంది. ఇంజిన్ ఉత్సాహంగా తిరుగుతున్నట్టే ఉంటుంది, లోపల పిస్టన్ కాలిపోతూ ఉంటుంది. కుడివైపు సీలు పోతే కథ వేరు. గేర్ ఆయిల్‌ను లోపలికి లాక్కుని తెల్లటి పొగ కక్కుతుంది, గేర్ ఆయిల్ తగ్గిపోతుంది. మీకు పొద్దున మాత్రమే పొగ వస్తోందంటే, రాత్రంతా పంపు నుంచి ఆయిల్ బొట్టుబొట్టుగా కారి లోపల చేరడం కూడా కారణం కావచ్చు. గేర్ ఆయిల్ ఎంతుందో చూశాకే తేలుతుంది.

లీకు ఎక్కడో తెలుసుకోవడానికి నా దగ్గర పెద్ద మిషన్లేమీ లేవు. పాత బీపీ మిషను ఉంది. కార్బొరేటర్, సైలెన్సర్ విప్పేసి ఆ రెండు దారులకూ రబ్బరు బిరడాలు బిగిస్తాను. ఒక బిరడాకు చిల్లు పెట్టి బీపీ గొట్టం దూర్చి, పిస్టన్ కిందికి దించి, బుడ్డి నొక్కుతూ డయల్ 300 చూపేదాకా గాలి ఎక్కిస్తాను. అది దాదాపు 6 పీఎస్‌ఐ. అంతకంటే ఎక్కిస్తే బాగున్న సీళ్లు కూడా లేచిపోతాయి. తర్వాత 6 నిమిషాలు ఆగాలి. నిమిషానికి 50 అంకెలకు మించి దిగితే లీకు ఉన్నట్టే. సబ్బు నురగ పూస్తే ఎక్కడ బుడగ లేస్తుందో అక్కడే దొంగ. మాగ్నెట్ తీయకుండా ఎడమ సీలు కనపడదు, దానికి పుల్లర్ (మాగ్నెట్‌ను లాగి తీసే పనిముట్టు) వాడమనండి. సుత్తితో కొట్టేవాడి దగ్గరికి బండి తీసుకెళ్లొద్దు.

ఇవన్నీ అయ్యాక ప్లగ్ విప్పి చూడండి. పింగాణీ లేత గోధుమ రంగులో ఉంటే మంచిది. నల్లగా తడిగా ఉంటే ఆయిల్ ఎక్కువ, దానికి కంగారు లేదు. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే మాత్రం బండిని పక్కన పెట్టి నాకు రాయండి.

ప్రశ్న: నమస్కారమండీ. మా బాబుకు 9 ఏళ్లు. వాడి కోసం మావారు పిల్లల ఏటీవీ, 49 సీసీది, తాడు లాగి స్టార్ట్ చేసేది, సెకండ్ హ్యాండ్‌లో తెచ్చారు. ఆయిల్ ఎంత కలపాలో ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. మా మావగారేమో ‘చేతక్‌కు నేను అందాజాగా పోసేవాణ్ణి, ఏమీ కాలేదు’ అంటున్నారు.
— ఒక గృహిణి, మధురవాడ

జవాబు: మీ మావగారి మాట తీసేయలేనమ్మా. ఆ రోజుల్లో బంకులోనే 2టీ పంపు ఉండేది, చేతక్‌కు లీటరుకు 20 మి.లీ. సరిపోయేది. మీ పిల్లవాడి బండికి పంపూ లేదు, గేరు పెట్టె కూడా లేదు. ఈ చిన్న ఇంజిన్లకు తయారీదారులు మామూలుగా చెప్పేది 25కి 1, అంటే లీటరుకు 40 మి.లీ. మీ బండి ట్యాంకు మూత మీదో పుస్తకంలోనో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. పిల్లల దగ్గు మందుతో వచ్చే కొలత మూత ఉంటుంది కదా, దాంతో కొలవండి. ట్యాంకులో నేరుగా పోయకుండా సీసాలో కలిపి, బాగా ఊపి పోయాలి.

‘ఇంకొంచెం ఎక్కువ పోస్తే ఇంజిన్‌కు మంచిదే కదా’ అని మీవారు అంటారు, అందరూ అంటారు. ఆయిల్ పెరిగినకొద్దీ కార్బొరేటర్‌లోని అదే సన్నటి జెట్టు చిల్లులోంచి వెళ్లే పెట్రోల్ తగ్గుతుంది. ప్లగ్ మూసుకుపోతుంది, సైలెన్సర్ నిండా కార్బన్ పేరుకుంటుంది.

మీరు అడగని మాట ఒకటి. బొటనవేలితో నొక్కే యాక్సిలరేటర్ దగ్గర చిన్న స్క్రూ ఉందేమో చూడండి. దాన్ని లోపలికి తిప్పితే వేగం పూర్తిగా పెరగదు. మొదటి మూడు నెలలు అలాగే ఉంచండి. హెల్మెట్ లేకుండా మాత్రం ఇంటి ముందు కూడా వద్దు.

ప్రశ్న: మా ఏటీవీ వానాకాలం అంతా కదల్లేదు. దసరాకు తీస్తే స్టార్ట్ అయి, రెండు నిమిషాల్లో ఆగిపోయింది. ట్యాంకులో 2టీ కలిపిన పెట్రోలే ఉంది.
— ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: ఆగిపోయి మీకు మేలు చేసింది. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మన ఊరి ఉక్క సంగతి చెప్పనక్కర్లేదు, ఆగస్టులో ఆరేసిన చొక్కాయే ఆరదు. తేమ ఒక హద్దు దాటితే నీళ్లు, ఇథనాల్ కలిసి అడుక్కు దిగిపోతాయి. 2టీ పైన పెట్రోల్‌తోనే ఉండిపోతుంది. పెట్రోల్ కుళాయి తీసుకునేది ట్యాంకు అడుగు నుంచి కదా, అంటే ఇంజిన్‌కు వెళ్లింది ఆయిల్ లేని నీళ్ల మందు. ట్యాంకులోది గాజు సీసాలోకి పట్టి గంటసేపు కదపకుండా ఉంచండి, రెండు పొరలు కనిపిస్తే అదే. మొత్తం పారబోయించి, కార్బొరేటర్ గిన్నె విప్పి కడిగించండి. గట్టిపడిన గొట్టాలు కూడా మార్చేయండి.

ఇకమీద కలిపిన పెట్రోల్‌ను మూడు నాలుగు వారాలకు మించి ఉంచొద్దు. బండి పక్కన పెట్టేముందు కుళాయి కట్టేసి, దానంతటదే ఆగేదాకా నడవనివ్వండి.

ప్రశ్న: బోరు అరిగింది. ఆర్‌ఎక్స్ 100 పిస్టన్ బ్లాస్టర్‌కు వేసేయొచ్చని స్నేహితుడు చెప్పాడు. రెండూ యమహాలే కదా?
— ఒక విద్యార్థి, ఎంవీపీ కాలనీ

జవాబు: తమ్ముడూ, ఆర్‌ఎక్స్ బోరు 50 మి.మీ., దీనిది 66. బకెట్లో చెంబు వేసినట్టుంటుంది.

సరైన సైజు పిస్టన్ ముందు తెప్పించుకో, అది చేతికొచ్చాకే లేతు షాపుకు వెళ్లు. పిస్టన్ కొలిచి దానికి తగ్గట్టు బోరు కోయాలి, ముందు బోరు కోసి తర్వాత పిస్టన్ వెతకడం కాదు. ఇంకో సంగతి. ఇప్పుడు లేతు మీద ఉన్న కుర్రాళ్లు చాలామంది నాలుగు స్ట్రోకుల బండ్లు చూసి పెరిగినవాళ్లు. టూ స్ట్రోక్ సిలిండర్ గోడకు కిటికీలుంటాయి. బోరు కోశాక ఆ కిటికీల అంచులు కత్తిలా మిగులుతాయి. వాటిని సన్నగా రాచి మొద్దు చేయకపోతే రింగు తగులుకుని విరిగిపోతుంది. సిలిండర్ తీసుకునేటప్పుడు వేలితో తడిమి చూడు. గోరు తగులుకుంటే అక్కడే వెనక్కి ఇచ్చేయ్. పిస్టన్ తల మీది బాణం సైలెన్సర్ వైపు ఉండాలి.

ప్రశ్న: సముద్రపు ఇసుకలో నడిపాక ఎలా కడగాలి? తుప్పు ఆగడం లేదు.
— ఒక పాఠకుడు, సాగర్‌నగర్

జవాబు: మీ ఇంటి కిటికీ గొళ్లేలకే తుప్పు పడుతుంది, దీనికి పట్టదా! ఇంజిన్ చల్లారాక మంచినీళ్లతో, మామూలు పైపుతోనే కడగండి. వాటర్ సర్వీసింగ్ ప్రెషర్ బేరింగుల్లోకి ఉప్పునీటిని ఇంకా లోపలికి తోస్తుంది. సిలిండర్ రెక్కల మధ్య ఇసుక ఉండిపోతే వేడి పోదు, పాత టూత్‌బ్రష్‌తో తీయండి. చెయిన్ ఆరగానే ఆయిల్ వేయండి. వెనక ఇరుసు బేరింగులు, వెనక చక్రాలను పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ బోల్టు ఏడాదికోసారి విప్పి గ్రీజు పెట్టించండి. ఆ బోల్టు ఒకసారి పట్టేసిందంటే గ్యాస్ కట్టర్ పెట్టాల్సిందే.

వీటన్నిటికంటే ఎయిర్ ఫిల్టర్ ముఖ్యం. ఫోమును కిరసనాయిల్లో, తర్వాత సబ్బునీళ్లలో పిండి, నీడన ఆరబెట్టి, ఫిల్టర్ ఆయిల్ పట్టించి మళ్లీ పిండి బిగించాలి. ఫిల్టర్ దాటాక ఉన్న గొట్టంలో వేలు పెట్టి తుడవండి. గరగరలాడితే ఇసుక ఇంజిన్‌లోకి వెళ్తున్నట్టే.

అన్నట్టు, చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఆ నెలల్లో బండి ఇంట్లోనే ఉంచండి.

ప్రశ్న: ఏటీవీ మీద ఇంటి నుంచి రుషికొండ దాకా బీచ్ రోడ్డు మీద వెళ్లొచ్చా?
— ఒక పాఠకుడు, పెదవాల్తేరు

జవాబు: కుదరదు. వాటికి రోడ్డు రిజిస్ట్రేషన్ ఉండదు, ఇన్సూరెన్సూ వర్తించదు. చిన్న ట్రాలీ ఆటో మాట్లాడుకుని ఎక్కించండి. ముందూ వెనకా తాళ్లతో కట్టి, గేరులో పెట్టండి. ఎక్కించే ముందు పెట్రోల్ కుళాయి కట్టేయండి. దారిలో కుదుపులకు కార్బొరేటర్ పొంగి క్రాంకు గది నిండితే, రుషికొండలో దిగాక కిక్కు కొట్టీ కొట్టీ సాయంత్రమైపోతుంది.