ఫ్రాంచైజీ బోర్డు తర్వాత, ముందు నలుగురికి నేర్పనివ్వండి

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా మెళియాపుట్టి మండలం. మా అమ్మాయి టెక్కలిలో బీకాం కంప్యూటర్స్ చదివింది. విశాఖ వెళ్లి ఉద్యోగం చూసుకోమంటే వినడం లేదు. ఊళ్లో ఆడవాళ్లకీ, కొండ దగ్గర సవర పిల్లలకీ కంప్యూటర్ నేర్పే సెంటర్ పెడతానంటోంది. లక్షన్నర కడితే మా పేరు వాడుకోండి, సర్టిఫికెట్లు మేమే ఇస్తామని ఒక సంస్థ వాళ్లు అన్నారు. జీడి పంట డబ్బులున్నాయి. కట్టమంటారా? రేపు పెళ్లయి వెళ్లిపోతే సెంటర్ గతేమిటి?

జవాబు: ఆ లక్షన్నర కట్టకండి. అమ్మాయిని మాత్రం ఆపకండి.

ఆ సంస్థ వాళ్లని ఒక్కటే అడగండి: 'మీ సర్టిఫికెట్ చెల్లుతుందని ఏ ఉద్యోగ నోటిఫికేషన్‌లో ఉందో చూపించండి' అని. చూపిస్తే అప్పుడు ఆలోచిద్దాం. పేరులో 'జాతీయ' అని ఉన్నంత మాత్రాన ప్రభుత్వ గుర్తింపు ఉన్నట్టు కాదు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నైలిట్ నడిపే సీసీసీ అనే ప్రాథమిక కంప్యూటర్ కోర్సు 80 గంటలే. చదువు ఇంత ఉండాలన్న షరతు లేదు, ఏ సెంటర్లోనూ చేరకుండా నేరుగా పరీక్ష రాయొచ్చు. మీ అమ్మాయి దగ్గర నేర్చుకున్నవాళ్లు ఆ పరీక్ష రాస్తే చాలు, ఎవరి బోర్డూ కొనక్కర్లేదు. అమ్మాయి సీసీసీతో ఆగకుండా అదే సంస్థ 'ఓ లెవెల్' అనే పై కోర్సు కూడా పూర్తి చెయ్యాలి. నేర్పేవాళ్ల చేతిలో నేర్చుకునేవాళ్ల కంటే పెద్ద కాగితం ఉండాలి కదా.

ఇక రాబడి. కులం, ఆదాయం లాంటి సర్టిఫికెట్లకి జనం తరఫున అప్లై చేసి పెడితే నాలుగు డబ్బులొస్తాయని అమ్మాయి లెక్కేసుకుంటే ఆ లెక్క తప్పుతుంది. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాక ఆ పని చాలావరకు అక్కడికి పోయింది. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వ వాట్సాప్ సేవ 'మన మిత్ర' వచ్చి 161 సేవలు ఫోన్‌లోకే చేరాయి. మిగిలేవి పాన్ కార్డులు, రైలు టికెట్లు, ఆధార్‌తో డబ్బు తీసివ్వడం, సెట్‌ల సీజన్లో దరఖాస్తులు. టీఈసీ అనే అర్హత పరీక్ష పాసై సీఎస్‌సీ (కామన్ సర్వీస్ సెంటర్) తీసుకుంటే వీటిలో చాలా చెయ్యొచ్చు. కరెంటు బిల్లు, నెట్ ఖర్చు వెళ్తే గొప్పే. అదే జీతం అనుకోవద్దు.

జీతం రావాల్సింది నేర్పడంలోంచే. దానికి మీ చుట్టుపక్కలే దారి ఉంది. పలాస, కాశీబుగ్గల్లో జీడి వ్యాపారం ఎంతో మీకు నేను చెప్పేదేముంది! అక్కడ పిక్క కొట్టేదీ, పప్పు ఏరేదీ ఎక్కువగా ఆడవాళ్లే. అదే వ్యాపారంలో కూర్చుని చేసే పనీ ఉంది. సరుకు కదిలితే జీఎస్టీ బిల్లు కావాలి, 50 వేల రూపాయలు దాటితే సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే ఈ-వే బిల్లు కావాలి, స్టాకు లెక్క రోజూ రాయాలి. ఇంటర్ చదివి ఇంట్లో ఉన్న ఆడపిల్లకి ఎక్సెల్, టాలీ అనే ఖాతా లెక్కల సాఫ్ట్‌వేర్, ఈ బిల్లులూ మూడు నెలలు గట్టిగా నేర్పితే ఆ ఉద్యోగం అడగగలదు. టాలీని డబ్బు కట్టకుండా ఎడ్యుకేషన్ మోడ్‌లో నేర్చుకోవచ్చు. నెలలో కొన్ని తేదీలకే ఎంట్రీలు పడతాయి, నేర్చుకోవడానికి అది చాలు. 'ఎమ్మెస్ ఆఫీస్ నేర్పబడును' అని బోర్డు పెట్టేకంటే, ముందు నలుగురు జీడి వ్యాపారుల దగ్గరకెళ్లి మీకెలాంటి మనిషి కావాలని అడిగి రమ్మనండి. ఆ జవాబులే సిలబస్.

కంప్యూటర్లు కొత్తవి వద్దు. ఆఫీసులు వదిలించుకున్న పాత డెస్క్‌టాప్‌లు నాలుగు చాలు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది కాబట్టి అలాంటివి మార్కెట్లో బాగానే దొరకాలి. మూడింట్లో విండోస్ బదులు లినక్స్, ఎమ్మెస్ ఆఫీస్ బదులు లిబ్రె ఆఫీస్ వేసుకోవాలి, రెండూ ఉచితమే. అసలు ఎక్సెల్, టాలీ కోసం ఒక దాంట్లో విండోస్ ఉంచుకోవాలి. ఐఐటీ బొంబాయి వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు తెలుగులోనూ ఉన్నాయి. ముందే దింపి పెట్టుకుంటే కొండ పక్కన సిగ్నల్ లేకపోయినా క్లాసు ఆగదు. డబ్బు పెట్టాలంటే ఇన్వర్టర్ మీద పెట్టండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తర్వాత కరెంటు కోసం ఎన్నాళ్లు చూశామో మన వైపు వాళ్లకి గుర్తే.

సవర పిల్లల సంగతి వేరు. వాళ్ల దగ్గర ఫీజు ఆశించొద్దు, వాళ్లకి తెలుగులోనే చెప్పి సరిపెట్టొద్దు. మన జిల్లావాడే అయిన గిడుగు రామమూర్తి గారు ముందు సవర నేర్చుకుని, ఆ తర్వాతే వాళ్లకి చదువు చెప్పించారు. అమ్మాయికి ఆ భాష రాకపోతే, వచ్చిన సవర పిల్ల ఒకరికి ముందు నేర్పి పక్కన నిలబెట్టుకోవాలి. గది కోసం అద్దె కట్టకుండా హెడ్మాస్టారుని అడిగి చూడండి, బడి వదిలాక ఒక గది ఇస్తారేమో.

పెళ్లి గురించి. కంప్యూటర్లు అమ్ముకోవచ్చు, లేదా అప్పటికి తయారైన పిల్లకి అప్పగించొచ్చు. ఓ లెవెల్ సర్టిఫికెట్, రెండేళ్లు పాఠం చెప్పిన అనుభవం అమ్మాయితోనే వెళ్తాయి. అత్తారిల్లు బొబ్బిలి అయినా, విశాఖ అయినా అక్కడి కాలేజీలో ల్యాబ్ పోస్టు అడగడానికి అవి పనికొస్తాయి. వెంట తీసుకెళ్లలేనిది ఆ ఫ్రాంచైజీ ఒక్కటే. ఆ సంస్థ వాళ్లు మళ్లీ ఫోన్ చేస్తే, ఒప్పందం కాగితం ముందు పంపమనండి. మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారో అందులో రాసి ఉందేమో చూడండి.