మ్యూలర్-తుర్గావ్ మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. మ్యూలర్-తుర్గావ్ అనే తెల్ల వైన్ ద్రాక్ష గురించి తెలుగులో ఇంత ఓపిగ్గా రాయడం చూసి సంతోషం వేసింది. అయితే మొదటి పేరాలోనే ఆగిపోయాను. "రీస్లింగ్‌నీ సిల్వానర్‌నీ కలిపి పుట్టించారు కాబట్టి దీన్ని రివానర్ అని కూడా అంటారు" అన్నావు. ఆ పేరు ఉన్న మాట వాస్తవమే, కానీ ఆ ద్రాక్ష అసలు పుట్టుక అది కాదు.

1882లో జర్మనీలోని గైసెన్‌హైమ్‌లో హెర్మన్ మ్యూలర్ అనే వృక్షశాస్త్రవేత్త ఈ రకాన్ని పుట్టించాడు. ఆయనది స్విట్జర్లాండ్‌లోని తుర్గావ్. మ్యూలర్ అనే ఇంటిపేరు వాళ్ళలో కోకొల్లలు, అందుకని తన ప్రాంతం పేరు తగిలించుకున్నాడు. రీస్లింగ్ రుచి ఉండాలి, సిల్వానర్‌లా ముందే పండాలి, ఇదీ ఆయన ఆశ. 1891లో ఆయన స్విట్జర్లాండ్‌లోని వేడెన్స్‌విల్‌కి మారితే మొక్కలూ అక్కడికి చేరాయి. 1913లో ఆగస్ట్ డెర్న్ అనే ద్రాక్షసాగు నిపుణుడు వాటిని తిరిగి జర్మనీకి తెచ్చి, మ్యూలర్-తుర్గావ్ అని పేరు పెట్టాడు. మ్యూలర్ మాత్రం రీస్లింగ్-సిల్వానర్ అనే అనేవాడు.

ఆయన 1927లో పోయాడు. ఎన్నో దశాబ్దాల తర్వాత డీఎన్‌ఏ పరీక్షల్లో తేలిందేమిటంటే, తల్లి రీస్లింగే గానీ తండ్రి సిల్వానర్ కాదు, మాడ్లైన్ రోయాల్. అది త్వరగా పండే, తినడానికి వాడే ద్రాక్ష. అయినా స్విట్జర్లాండ్‌లో రీస్లింగ్-సిల్వానర్ అనే పాత పేరే ఇప్పటికీ వాడుకలో ఉంది.

అందుకని ఆ వాక్యం కొట్టేయకు, విడదీసి రాయి. మ్యూలర్ "అనుకున్నాడు", జనం "పిలిచారు", పరీక్షలో "తేలింది". ఈ మూడు క్రియలూ వేటి చోట అవి ఉంటే పాఠకుడికి కథంతా అర్థమైపోతుంది. నువ్వు మూడింటినీ "కాబట్టి"లో కుదించేశావు. పేర్ల పుట్టుక రాసేటప్పుడు ఆ "కాబట్టి" కనిపించిన ప్రతిచోటా ఆగి, ఇది ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు అని చూసుకో.

ఇంకోటి. "అద్భుతమైన రుచి" తీసెయ్. పులుపు తక్కువ, లేత పూలవాసన అని రాయి. కాపు విపరీతంగా ఉండటం వల్లే ఇది 1970లలో జర్మనీ అంతటా వ్యాపించిందనీ, చవక తీపి వైన్లలోకి వెళ్ళి పేరు పాడుచేసుకుందనీ చెప్పు. నచ్చిన ద్రాక్ష కదా అని అది దాచొద్దు.

మార్చాక నాకే ముందు పంపు. టెన్షన్ పడకు, సంపాదకుడితో నేను మాట్లాడతాను.

మీ అన్నయ్య